మేనేజరు అనబడే పిల్లిని అప్పగించు విషయం

డెబ్భై దాటినదానిని, దర్జీ పనిలో కత్తిరింపు మనిషిగా బతికినదానిని, పెళ్లి చేసుకోనిదానిని, ఈ మేడమీది వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నదానిని అయిన నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె గురించి మాత్రం అలాంటి కాగితం ఇవ్వలేనన్నాడు. వచ్చే నెలలో నన్ను వృద్ధాశ్రమంలో చేర్చుకుంటారు. అక్కడ మంచం ఉంది, కిటికీ ఉంది, పిలిస్తే పలికే నర్సు ఉంది. పిల్లుల్ని మాత్రం రానివ్వరు. నా సామాను ఎవరికి పోయినా నాకంత పట్టింపు లేదు. పిల్లి ఏమైపోతుందన్నదే నా బెంగ.

రాస్తున్నది దస్తావేజుల లేఖరి. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. అక్కర్లేని మాటలు వద్దమ్మా అన్నాడు. డబ్బులిచ్చేది నేను కాబట్టి ఏది అక్కరో నేనే చెబుతానన్నాను.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పక్క వాటాలో ఉండే డ్రాయింగు టీచరమ్మకు అప్పగిస్తున్నాను. ఆ అమ్మాయికి నేనంటే జాలి. జాలి నాకు గిట్టదు. కానీ నేను పలక్కపోతే తలుపు తోసుకుని వచ్చి చూసే మనిషి ఆమె ఒక్కతే.

రెండు. నా కత్తిరింపు బల్ల సర్వహక్కులతో ఆ టీచరమ్మకే చెందుతుంది. పిల్లల బొమ్మల కాగితాలు పరుచుకోవడానికి పనికొస్తుంది. బల్లకు ఒక మూల నున్నగా మెరుస్తుంటుంది. అది పాలిష్ కాదు, పిల్లి పడుకునే చోటు. దయచేసి దాన్ని సబ్బుతో తోమొద్దు.

మూడు. చిన్న కత్తెర మందుల షాపాయనకు. మాత్రల అట్టల్ని ఆయన చేత్తో చింపి ఇస్తుంటే ఇన్నేళ్లూ పళ్లు బిగబట్టుకుని చూశాను. పెద్ద కత్తెర ఎవరికీ ఇవ్వను, అది నాతో ఆశ్రమానికి వస్తుంది. అక్కడ ఒప్పుకోకపోతే వాళ్లతో నేను మాట్లాడుకుంటాను.

నాలుగు. గౌన్లు తొడిగి చూసే బొమ్మ ఉంది. తల లేదు, చేతులు లేవు, నడుము మాత్రం నా పాతికేళ్ల వయసు కొలత. పిల్లి రాకముందు దాన్ని భోజనాల బల్లకు ఎదురుగా పెట్టుకుని తినేదాన్ని. ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలని అంతే. దాన్ని ఏ బట్టల కొట్టుకైనా ఉచితంగా ఇచ్చేయాలి. ఆ నడుముకు ఎవరైనా మంచి బట్ట తొడిగితే సంతోషం.

అయిదు. ఇక మేనేజరు అనబడే నా పిల్లి. బూడిద రంగు, మెడ కింద తెలుపు. పని చెయ్యదు, పని చేసేవాళ్లను కుర్చీలోంచి కదలనివ్వదు, అందుకే ఆ పేరు. చట్టం లెక్కలో పిల్లి చరాస్తి, అంటే కదిలే ఆస్తి, అవుతుందని లేఖరి అన్నాడు. మధ్యాహ్నం పూట దాన్ని ఆయన చూడలేదు.

ఒక వానలో తనంతట తనే వచ్చి గడపలో కూర్చుంది. పొమ్మన్నాను, పోలేదు. ఏమే, నీకు వేరే ఇల్లు లేదా అన్నాను. అలా అన్నాక తెలిసింది, ఆ గదిలో నా గొంతు నేను విని ఎన్నాళ్లయిందో. మనిషి తోడు లేక పిల్లితో మాట్లాడుతోందని వీధిలో అనుకుంటారట. అనుకోనివ్వండి. నిజమే కదా.

ఆశ్రమం సంగతి ఖాయమయ్యాక దీనికి ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. మొదట మందుల షాపాయన మహా ఉత్సాహంగా తీసుకెళ్లాడు. అది బరువు చూసే యంత్రమెక్కి పడుకుంది. దించబోయిన వాళ్లనల్లా గీరింది. మీ మేనేజరు మా షాపును మూయించేలా ఉందండీ అంటూ బుట్టతో సహా తెచ్చి దించాడు. తర్వాత టీచరమ్మ తీసుకుంది. మర్నాటికల్లా వాళ్లింట్లోంచి మాయమైంది. ఆ అమ్మాయి వీధులన్నీ తిరిగింది. నేను మెట్ల దాకా వెళ్లి, రెయిలింగు పట్టుకుని, మేనేజరూ మేనేజరూ అని కేకలేశాను. అది దొరక్కపోతే నేను ఆశ్రమానికి వెళ్లనని కూడా అన్నాను. గుండె జబ్బు మనిషి అలా అనకూడదట.

మర్నాడు సాయంత్రం అది మెట్లెక్కి తీరిగ్గా వచ్చింది, మెడకు కొత్త పట్టీతో. ఎర్ర మఖమల్ పట్టీ. తిప్పి కుట్టు చూశాను. కుట్టు చివర దారాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి ముడి కనపడకుండా దాచే పద్ధతి నాకు తెలిసి ఒక్కరిదే. కింది వాటాలో ఉండే మా వదినది.

వదిన సంగతి చెప్పకపోతే ఈ అంశం ఎవరికీ అర్థం కాదు. మా అన్నయ్య, వదిన, నేను ఒకప్పుడు ఈ ఇంటి కింది భాగంలోనే కుట్టు షాపు నడిపాం. నేను కత్తిరించేదాన్ని, వదిన కుట్టేది, అన్నయ్య కొలతలు తీసుకుని కబుర్లు చెప్పేవాడు. నాటకశాల వాళ్లు పెద్ద తెర కుట్టమని మఖమల్ తాన్లు పంపారు. మఖమల్‌కు నూగు ఉంటుంది. ఒక వైపు నిమిరితే మెత్తగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. ముక్కలన్నిటికీ నూగు ఒకే వైపు ఉండేలా కలిపి కుట్టాలి, లేకపోతే దీపాల కింద రంగు మారిపోతుంది. తెర కట్టి దీపాలు వేశారు. సగం ముక్కలు ఎర్రగా, సగం నల్లగా కనపడ్డాయి. నాటకశాల ఆయన అందరి ముందూ దాన్ని లాగి మా మీద పడేశాడు. ఆ తర్వాత షాపు మెట్లెక్కినవాళ్లు లేరు.

ప్రతి ముక్క వెనకా నూగు ఎటో చూపిస్తూ సుద్దతో బాణం గీశానని నేను అన్నాను. బాణాలే లేవని వదిన అంది. గీశాను. ఇప్పటికీ అదే అంటాను, ఆశ్రమంలోనూ అదే అంటాను. అన్నయ్య ఎటూ చెప్పకుండానే పోయాడు. ఆ రోజు కూడా మేమిద్దరం చెరో వైపు కూర్చుని ఏడ్చాం. ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడకు తిరిగితే ఒకరు దిగిపోవడం, అంతే.

ఇప్పుడా పట్టీ. దాని మీద నూగు తల నుంచి తోక వైపుకు సరిగ్గా, పిల్లి బొచ్చు ఎటుంటే అటే ఉంది. కుట్టు పని తెలియనివాళ్లకు అది పట్టీ. నాకు మాత్రం నా మొహాన చెప్పినట్టే ఉంది, చూశావా, నేను కుడితే ఇలా ఉంటుందని. ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఇంకోటి అర్థమైంది. ఈ పిల్లి రెండిళ్ల తిండి తింటోందని పశువుల డాక్టరు అంటే ఆయనతో పోట్లాడి వచ్చాను. పగలు నా బల్ల మీద పడుకునేది, రాత్రి నా భోజనమయ్యాక కిందికి పోయి మళ్లీ తినేదన్న మాట. అక్కడ దాని పేరు చిట్టి అని టీచరమ్మ కనుక్కొచ్చింది. నా పిల్లి అనుకున్నది సగమే నాది. కిందా ఒక మనిషి దీపం పెట్టుకుని దాని కోసం చూస్తూ కూర్చునేదని నాకేం తెలుసు? తెలిసిన రోజున కోపం ఎంత వచ్చిందో, అంతకన్నా ఎక్కువ దిగులేసింది. ఒక్క కప్పు కింద ఇద్దరం ఒకే పిల్లితో మాట్లాడుకుంటూ బతికాం.

కాబట్టి నా తదనంతరం, లేదా నేను ఆశ్రమంలో చేరిన నాటి నుంచి, ఏది ముందైతే అప్పటి నుంచి, సదరు పిల్లి సర్వహక్కులతో మా వదినకు చెందాలి.

ఆరు. పై అయిదో అంశం రద్దు. కారణం రాయించాలి, లేకపోతే నాకు మతి చలించిందనుకుంటారు.

వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలని, ఒకరైనా నన్ను చాలాకాలంగా ఎరిగినవాళ్లయితే మంచిదని లేఖరి అన్నాడు. లెక్కేసుకుంటే అలాంటివాళ్లలో బతికున్నది వదిన ఒక్కతే. టీచరమ్మను కిందికి పంపాను. వదిన ఎందుకనీ అడగలేదట, మొహమూ ముడుచుకోలేదట. ఎన్నింటికి రమ్మంది అని మాత్రం అడిగిందట. ఆ సంగతి చెబితే లేఖరి కలం కింద పెట్టేశాడు. సాక్షి సంతకం పెట్టే మనిషికి ఆ వీలునామాలో ఏమీ రాకూడదట, పిల్లి అయినా సరే. తన ఆఫీసు గుమాస్తాను సాక్షిగా తెస్తానన్నాడు. అప్పుడు నేను వెళ్లిపోయాక టీచరమ్మే పిల్లిని కిందికి దించేస్తుంది, నేను వదిన మొహం చూడనక్కర్లేదు. అన్నిటికన్నా సులువు అదే. కానీ ఇన్నేళ్లలో నేను ఆ మనిషిని ఒక్కటి అడిగాను. వస్తానంది. ఇప్పుడు రావద్దని కబురు పంపలేను.

అందుకని, వీలునామాతో పనిలేకుండా ఇప్పుడే ఇచ్చేద్దామని, ఈ ఉదయం పిల్లిని చంకనేసుకుని నేనే మెట్లు దిగాను. మధ్యలో ఆయాసమొచ్చి కూర్చున్నాను. కింది తలుపు తీసే ఉంది. వదిన మిషను దగ్గర కూర్చుని ఉంది, జుట్టంతా తెల్లబడింది. పిల్లి నా చేతుల్లోంచి దూకి, దాని గిన్నె దగ్గరికి పోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. చూడలేదు. పైకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇప్పుడు ఈ గదిలో నా దగ్గు నాకే పెద్దగా వినపడుతోంది. పిల్లి ఇక నా ఆస్తి కాదు కాబట్టి దాని గురించి ఈ వీలునామాలో చెప్పేదేమీ లేదు.

ఏడు. మిగిలిన గిన్నెలు, దుప్పట్లు, దారపు ఉండలు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. రాసేటంత మంది నాకు లేరు.

పైదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట, ఈ నెల పద్నాలుగో తేదీ గురువారం సాయంత్రం, నా గదిలో, నా బల్ల మీద సంతకం చేస్తున్నాను.

(సంతకం) మేడమీది వాటా, కత్తిరింపు మనిషి

మొదటి సాక్షి: పశువుల డాక్టరు. నా ఎదుట సంతకం చేశారు.

రెండో సాక్షి: కింది వాటా, సంతకం చేసినామెకు వదినను. నా ఎదుటే సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి బాగా వణికింది. నేను మణికట్టు పట్టుకున్నాను. రాసింది తనే, నేను పట్టుకున్నానంతే. సంతకం అయిపోయాక కూడా తన చెయ్యి నేను వదల్లేదు కాబట్టి, ఈ నాలుగు ముక్కలూ ఎడమ చేత్తో రాస్తున్నాను.