బోర్డు మీద ‘క’

మ్యూజియం పెద్దాయన గారికి,

బోర్డులు రాసుకుని బతికే పెయింటరు దణ్ణం పెట్టి రాస్తున్న సంగతులు.

మొన్న ఆదివారం మా అమ్మాయి పిల్లలిద్దర్నీ మీ పిల్లల మ్యూజియానికి తీసుకొచ్చాను. పెద్దది నాలుగేళ్ల పిడుగు, చిన్నవాడు రెండేళ్ల గుండు. వేరే పేర్లున్నాయి గానీ వాటితో పిలిస్తే పలకరు.

అయ్యా, మీ దగ్గర అదుపూ ఆజ్ఞా ఏమీ లేవు. పడవలు వదిలే నీళ్లతొట్టిలోకి పదిమంది పిల్లలు చంకల దాకా దిగారు. బొమ్మాసుపత్రిలో ఒక వేలెడు డాక్టరు నా పొట్ట మీద గొట్టం పెట్టి విని, లోపల పాప ఉందని చెప్పింది. కూరగాయల కొట్టులో మా గుండు గంపలో కూర్చుని దిగనన్నాడు. "ముట్టుకోకురా, ముట్టుకోకే" అని అరిచీ అరిచీ గొంతు పోయి బయటికొస్తే, గుమ్మం పక్కన మీ బోర్డు కనిపించింది. ‘లోపల ఉన్నవన్నీ ముట్టుకోండి’ అట.

అప్పుడర్థమైంది అసలు రోగం. ఎవడో చవట పెయింటరు ‘క’ మింగేశాడు. వాడి తలకట్లు చూడండి, తిరగబడ్డ చెప్పుల్లా ఉన్నాయి. నా జేబులో బ్రష్షు ఎప్పుడూ ఉంటుంది. పైన చోటు చూసుకుని ‘క’ ఇరికించి ‘ముట్టుకోకండి’ చేసిపెట్టాను. ఊరికే చేశాను, మీరేం మొహమాటపడొద్దు.

ఇట్లు,
మీ మేలు కోరే పెయింటరు

తా.క. గుండు నిక్కరు విప్పితే చెక్క టమాటా ఒకటి దొర్లింది. మీదే అయ్యుంటుంది. వచ్చే నెల మొదటి ఆదివారం తెచ్చిస్తాను. ఆ రోజు పిడుగు పుట్టినరోజు, మీ బొమ్మాసుపత్రిలో తప్ప ఇంకెక్కడా చేసుకోనంటోంది.

*

పెయింటరు గారికి నమస్కారం.

నేను పెద్దాయన్ని కాను, ఈ మ్యూజియం సూపరింటెండెంటుని. పెద్దావిడ అనకండి, అంత పెద్దదాన్నీ కాను.

మా బోర్డులో తప్పు లేదు. ఇది పిల్లలు ముట్టుకుని, లాగి, ఒలకబోసి నేర్చుకునే చోటు. మీ ‘క’ పుణ్యమా అని నాలుగు రోజులుగా తల్లులు పిల్లల్ని చంక దింపడం లేదు. ఒకాయన కవలల చేతులు వాళ్ల జేబుల్లో పెట్టించి, జేబులకు పిన్నీసులు కొట్టాడు. నీళ్లతొట్టిలో పడవలు ఉన్నచోటే ఉన్నాయి. ఆసుపత్రిలో రోగులున్నారు, డాక్టర్లు లేరు.

మీరు వచ్చి ఆ అక్షరం తీసేసేదాకా మీ అమ్మాయి పేరు మీదున్న ఏడాది పాసు చెల్లదు. పుట్టినరోజైనా సరే.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. మీ పొట్ట చూసిన డాక్టరుకి మూడేళ్లు. నెలకోసారి వచ్చి చూపించుకోమంది.

*

సూపరింటెండెంటమ్మకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు మీ ఆఫీసుది, దాన్ని కప్పిపుచ్చడానికి ‘లాగి, ఒలకబోసి నేర్చుకోవడం’ అని కొత్త చదువు కనిపెట్టారు. పోనీలెండి, ఆఫీసన్నాక తప్పదు.

కానీ అమ్మా, ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. రాసిన ఒప్పుని చెరపడం నా చేతికి రాదు. నా ప్రతి బోర్డుకీ కింద కుడి మూల చిన్న పిచ్చుక వేస్తాను. పిచ్చుక ఉన్న బోర్డులో తప్పు వెతకబోయినవాడికి కళ్లజోడు మిగులుతుంది, అంతే.

అందుకని ఇద్దరికీ కుదిరే దారి చూశాను. నిన్న పొద్దున మీరు తలుపులు తీయకముందే వచ్చి, ‘క’ని కదపకుండా, దాని పక్కన ‘ఉండక’ చేర్చాను. ఇప్పుడు ‘లోపల ఉన్నవన్నీ ముట్టుకోక ఉండకండి’ అయింది. అంటే ముట్టుకోమనేగా. మీ మాటా నిలిచింది, నా అక్షరమూ నిలిచింది. పాసు సంగతి చూడండి.

ఇట్లు,
ఇద్దరి పరువూ కాపాడిన పెయింటరు

తా.క. డాక్టరమ్మకి చెప్పండి, పాప తన్నుతోంది. భోజనం ఆలస్యమైనప్పుడు మరీను.

*

పెయింటరు గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టాననుకోండి.

నిన్న మా గుమ్మం ముందు వరస రోడ్డు దాకా వెళ్లింది. లోపలికి రావడానికి కాదు, మీ బోర్డుకి అర్థం తేల్చడానికి. ఒక భార్యాభర్తలు అక్కడే తగువు పడి చెరో పిల్లని ఎత్తుకుని చెరో వైపు నడిచారు. మనవరాలితో వచ్చిన రిటైర్డు మాస్టారు ఒకాయన కళ్లజోడు తుడుచుకుని అందరికీ విడమర్చి చెప్పాడు: "ముట్టుకోక అంటే ముట్టుకోవద్దని. ఉండకండి అంటే ఇక్కడ నిలబడొద్దని. మొత్తం మీద పొమ్మంటున్నారు." పదిహేడు కుటుంబాలు పోయాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తి వెనక్కి పిలిచాను. మాస్టారు నన్ను చూసి, "ఇంకా తరుముతున్నారు, త్వరగా నడవండి" అన్నాడు.

మీ పాసు రద్దు చేశాం. ఈసారి ఆపడం కాదు, రద్దు. మీ బ్రష్షు మా వీధిలో కనిపించకూడదు. ఆ అక్షరాల్ని మేమే గీకించుకుంటాం.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. మీరు టమాటా తేకపోవడంతో మా కొట్టులో ఉల్లిపాయలే మిగిలాయి. ఏది అడిగినా ఉల్లిపాయే ఇచ్చి, "ఇది టమాటానే, ఏడవకు" అంటున్నారు మా చిన్న కొట్టువాళ్లు. వాళ్లు మీకంటే నయం, ఒప్పుకునేలా చెబుతారు.

*

అమ్మా,

ఈసారి వేళాకోళం లేకుండా రాస్తున్నాను. అలవాటు లేని పని, తప్పులుంటే మన్నించాలి.

పాసు రద్దయిందని పిడుగుకి చెప్పాను. అది ఏడవలేదు. బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుంది, రెండు రోజులైంది. పడుకునేటప్పుడు కూడా విప్పనివ్వడం లేదు. "తాతయ్యా, నువ్వు ఏం ముట్టుకున్నావని వాళ్లు రావద్దన్నారు?" అని అడిగింది. బోర్డు, అన్నాను. "అక్కడ ముట్టుకోవచ్చుగా" అంది.

గుండు మాత్రం మ్యూజియాన్ని ఇంటికే తెచ్చుకున్నాడు. నీలం రంగు డబ్బాలో మోచేతి దాకా ముంచి, పళ్ల డాక్టరుకి రాసిన బోర్డు మీద ఐదు వేళ్లూ అచ్చేశాడు. నోరు తెరిచాను "ముట్టుకోకు, తడిగా ఉంది" అందామని. అప్పుడు తట్టింది. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో నేను ఎక్కువగా అన్న మాట అదే. అది అన్నం కంటే ముందు ఆ మాట నేర్చింది. నాలాంటివాడికి ‘ముట్టుకోండి’ అని కనపడితే తప్పనిపించక ఏమనిపిస్తుంది?

ఆ అక్షరాలు నేనే వచ్చి తీసేస్తాను. ఆదివారం పిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వండి. నేను గేటు బయట నిలబడతాను, బ్రష్షు ఇంట్లో వదిలేసి వస్తాను.

ఇట్లు,
పిడుగు తాత

తా.క. ఒక్క కోరిక. మొదట ఆ బోర్డు రాసిన తిరగబడ్డ చెప్పులవాడెవడో చెప్పండి. ఇంత రభసకీ మూలం వాడే. ఒక్కసారి చెవి మెలేసి వదిలేస్తాను.

*

పిడుగు తాతగారికి నమస్కారం. ఈసారి నిజంగానే పెట్టాను.

మీ అక్షరాలు గీకిద్దామని నిన్న బోర్డు దింపించి, చుట్టూ ఉన్న చెక్క చట్రం ఊడదీశాం. కింద కుడి మూల చట్రం చాటున ఒక పిచ్చుక ఉంది.

నమ్మక పాత ఫైలు తీయించాను. పన్నెండేళ్ల కిందట ఇది మామూలు మ్యూజియం. గాజు పెట్టెల్లో రాళ్లు, గవ్వలు, చచ్చిన సీతాకోకచిలుకలు. మీకిచ్చిన ఆర్డరులో ‘లోపల ఉన్నవన్నీ ముట్టుకోకండి’ అనే ఉంది. ‘క’ మింగింది మీరే. ఫైల్లో అప్పటి సూపరింటెండెంటు రాసిన ముక్క ఉన్నదున్నట్టు దించుతున్నాను: "బోర్డు చూసి పిల్లలు అడిగితే గాజు పెట్టెలు తెరవక తప్పలేదు. ఇంటికి పోదామని ఈ రోజు ఒక్కరూ ఏడవలేదు. బోర్డు దిద్దించవద్దు. మ్యూజియాన్నే దిద్దుదాం."

ఆ తర్వాత పడవలొచ్చాయి, ఆసుపత్రి వచ్చింది, మీ టమాటా వచ్చింది. ఇదంతా మీరు చూసుకోకుండా వదిలేసిన ఒక్క అక్షరం వల్ల. పన్నెండేళ్లు ఆలస్యంగా తెచ్చిచ్చారు, మాకు వద్దు.

ఆదివారం ముగ్గురూ రండి. ముందు గుమ్మం దగ్గర నిలబడి, మీరు అడిగిన ఆ పెయింటరు చెవి మీరే మెలేసుకోవాలి. పిడుగు చూస్తూ ఉండాలి. నీలం రంగు డబ్బా కూడా తెండి. గీకిన చోట బోర్డు మీద కాస్త ఖాళీ మిగిలింది, గుండు చెయ్యి సరిగ్గా పడుతుంది.

ఇట్లు,
మీ తప్పు వల్ల ఉద్యోగం చేసుకుంటున్న సూపరింటెండెంటు

తా.క. టమాటా మరిచిపోకండి. ఇందులో ‘క’ ఉంది, ఒకటికి రెండుసార్లు చూసుకోండి.