మైలలో వచ్చిన ఓటు

యాకుత్‌పురా, ఆదివారం, డిసెంబర్ 12, 2021

సాయంత్రం మా అబ్బాయి శ్రీను ఫోన్ చేశాడు. వాడు వెల్డింగ్ పని చేసే న్యూ కాలెడోనియా దీవిలో ఇవాళ ఓట్లట. ఫ్రాన్స్ కింద ఉండాలా, విడిపోవాలా అని. ఉందామన్నవాళ్లే గెలిచారట. ఆ దీవి అసలు జనం మాత్రం చాలామంది ఓటుకే పోలేదట.

"ఎందుకు పోలేదురా?"

"కరోనాల వాళ్ల మనుషులు మస్తుమంది పోయిండ్రమ్మా. మా దినాలు కానియ్యుండ్రి, జర ఆగి ఓట్లు పెట్టుండ్రి అన్నరు. సర్కారు ఇనలే."

"మైలలున్నోళ్లు గడపెట్ల దాటుతర్రా?"

"నీకెందుకే ఫికర్? ఓట్లయిపాయె, ఇగ లొల్లి లేదు."

అప్పటి నుంచి మనసు నిలవడం లేదు. శ్రీను నాన్న పోయిన ఆరో రోజున, మా బేగంబజార్ గిన్నెల దుకాణంలో వాటాదారు సేఠ్ పంచాయితీ పెట్టించాడు. నేను మూల కూర్చుని ఉన్నాను, ఎట్లా పోతాను? "భాభీ రాలే, అంటే ఒప్పుకున్నట్టే" అని దుకాణం మొత్తం తన పేరున చేసుకున్నాడు.

నేనూ లొల్లి చేయలేదు. కానీ ఇరవై ఏళ్లయినా ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. నేను ఒక్కదాన్ని. అక్కడ ఊళ్లకు ఊళ్లే మైలలో ఉన్నాయి. ఆ మైల తీరిన రోజున ఏమవుతుందో. నా కొడుకు వాళ్ల మధ్యే ఉన్నాడు...