పిన్ని నడుం కోసం చేసిన మిషను

మంగళవారం రాత్రి, సెక్టర్ 7

పిన్ని వంగకుండా స్కూలు వరండాలు తుడవాలని పాత సైకిలు చైనుతో, కారు వైపరు మోటారుతో మిషను చేశాను. ఇవాళ అక్కడే నడిపి చూపించాను. పిన్ని వాళ్ళని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు, ఇక్కడి మాటలో ఠేకేదారు, మురిసిపోయాడు.

"శభాష్ బేటా. ఇంక తుడిచే బాయీలు నలుగురెందుకు, ఒకర్తి చాలు."

యంత్రం వస్తే కూలివాడి చెర తీరుతుందని కరపత్రాల్లో చదివి నమ్మాను. కోపం ఆగక వాడి కాలరు పట్టుకున్నాను. పిన్నే వచ్చి విడిపించింది.

ఇంటికొచ్చాక అంది: "ముగ్గురి కడుపు కొట్టీసి నా నడుం నొప్పి తగ్గాలేటి? దాన్ని పాడు చేసీరా, బాబూ."

పాడు చేయగలను. కానీ దాని కొలతలన్నీ పొద్దున్నే ఠేకేదారుకి బొమ్మ గీసి మరీ ఇచ్చాను, గొప్ప కోసం. పిన్నికి ఆ సంగతింకా చెప్పలేదు.