నా పేరుతో కచేరీలో నిలబడిన కాంతమ్మ

గౌరవనీయులైన జిల్లా రిజిస్ట్రారు గారి సముఖమునకు,

నకరికల్లు మండలం, బట్టీలపేట కాపురస్తురాలు, సున్నం బట్టీ కూలి నాగమ్మ, భర్త పిచ్చియ్య, చేసుకొను మనవి. (భర్త పేరు రేషను కార్డు చూసి రాయడమైనది. అర్జీదారు నోటితో చెప్పలేదు. కారణం నాలుగో అంశంలో కలదు.)

తేదీ: 11-3-1987, బుధవారం

విషయం: నేను అమ్మని నా చేనును నా పేరుతో మరొక స్త్రీ అమ్మి రిజిస్టరు చేయించినందున, శుక్రవారం లోపల విచారణ జరిపించుట గురించి.

అయ్యా,

నాకు చదువు రాదు. ఈ కాగితం తమ కచేరీ ముందు రేకుల కింద కూర్చుని అర్జీలు రాసే జాన్ సాహెబ్ గారు రాస్తున్నారు. మాట నాది, రాత ఆయనది. సదరు, అట్టి అన్నవి ఆయన వేసినవి. నేను కోపంలో అన్న మాటలు కొన్ని ఆయన వదిలేశారు. కొన్ని వదలవద్దని నేను పట్టుబట్టాను.

1. మా నాయన నా పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఎకరం చేను నా పేరున రాసి ఇచ్చినాడు. సదరు చేను నేటికీ నా సాగులోనే ఉన్నది. ఇప్పుడు మిరప కోతకు వచ్చినది. మా ఆయన ఏళ్ళ తరబడి బట్టీలో సున్నం ఎత్తి ఎత్తి దగ్గుతో మంచాన పడ్డాడు. ఆయన మందులకూ మా ఇద్దరి తిండికీ ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు.

2. మాది పూరిల్లు. ఎండాకాలంలో బట్టీ నుంచి ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు, పేటంతా తగలబడుతుంది. అందువల్ల పూరిళ్ళ వాళ్ళం మా కాగితాలను నాపరాళ్ళ ఇల్లు ఉన్నవారి పెట్టెలో దాచుకుంటాము. ఇది మా పేటలో అందరూ చేసే పనే. నా దస్తావేజూ పాసుపుస్తకమూ ఎదురింటి కాంతమ్మ ఇనప్పెట్టెలో ఉంచినాను. ఆమెను నేను వదినా అని పిలుస్తాను. నిప్పుకు భయపడ్డాను గానీ వదినకు భయపడాలని నాకు తెలియదు.

3. పోయిన ఆదివారం నేను చేలో కాయ కోస్తుండగా క్రోసూరు ఆసామి ఒకరు మోటారు సైకిలు దిగి గట్టు మీద నిలబడ్డారు.

“ఎవరమ్మా నువ్వు? నా చేలో నీకేం పని?”

“నీ చేనేంది? ఇది నా చేను. నేను నాగమ్మని.”

“నాగమ్మ కాడే గదా నేను కొన్నది! పచ్చగా, పొడుగ్గా ఉంటది. నవ్వితే బంగారు పన్ను కనపడతది. నువ్వెవరో నాకు తెలవదు.”

బంగారు పన్ను అనగానే ఎవరో నాకు తెలిసిపోయినది. మా పేటలో బంగారు పన్ను ఉన్నది ఒక్క కాంతమ్మకే. కోసిన కాయ అక్కడే పారబోసి పరుగెత్తాను. ఆమె ఇంటికి తాళం. ముప్పాళ్ళలో చెల్లెలి ఇంటికి పోయినదట, ఇనప్పెట్టె కూడా బండి మీద వేయించుకుని పోయినదట. క్రోసూరు ఆసామి శుక్రవారం హద్దురాళ్ళు పాతిస్తానని చెప్పి వెళ్ళినాడు. ఆయనా మోసపోయినవాడే, ఆయన మీద నాకు కక్ష లేదు.

4. మరునాడు ఆ దస్తావేజు రిజిస్టరైన కచేరీకి పోయినాను. గుమస్తా గారు పుస్తకం తిరగేసి, “నాగమ్మ వచ్చింది, వేలిముద్ర వేసింది, పోయింది. నువ్వెవరు?” అన్నారు. నా ముద్ర తీసుకుని పోల్చి చూడమని బతిమాలినాను. సిరా పూసి ఒత్తించారు. సున్నం తిన్న వేలు అయ్యా, నల్లటి మచ్చ పడినది గానీ గీత పడలేదు.

“ఇదేం ముద్ర? సరే, నీ మొగుడి పేరు చెప్పు.”

నేను తలవంచుకుని నిలబడ్డాను. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పినది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు. ఆయన బాగున్న రోజుల్లోనే పలకనిదాన్ని, నెత్తురు పడేటట్టు దగ్గుతుంటే ఎట్లా పలుకుతాను? రేషను కార్డు చూపిద్దామంటే ఆ రోజు డీలరు దగ్గర ఉన్నది, నిన్ననే తెచ్చుకున్నాను. గుమస్తా గారు నవ్వినారు.

“ఆవిడ గడగడా చెప్పింది. మొగుడి పేరే తెలవని నువ్వు నాగమ్మవా? పో, కోర్టుకు పో.”

గడగడా చెప్పదా మరి? ఆయన ఆమె మొగుడైతే గదా నోరు ఆగేది! ఆమె దొంగ అని అక్కడే, ఆ మాటతోనే తెలుసుకోవలసినది. ఈ వాక్యం వద్దని జాన్ సాహెబ్ గారు అన్నారు. ఉంచమని నేనన్నాను.

5. సదరు కాంతమ్మను నాగమ్మగా గుర్తుపట్టినట్లు సంతకం చేసినవాడు కచేరీ ఎదుట టీ అంగడి మనిషి. పోయి అడిగితే, “చానామందికి చేస్తుంటానమ్మా, మొహాలు ఎవడు చూస్తాడు?” అన్నాడు. సంతలో గొడ్డును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. ఎకరం చేను చేతులు మారేటప్పుడు మనిషి ఎవరో ఒక్కరూ చూడలేదు.

6. గేదె పోతే వెతుక్కుంటాను. నా పేరు పోతే ఎక్కడ వెతకను? మంచం మీద నుంచి మా ఆయన “ఏమే” అంటే పలుకుతున్నాను. బయట ఎవరైనా నాగమ్మా అంటే మాత్రం నన్నేనా అని ఆగిపోతున్నాను. నాకు భయంగా ఉన్నది అయ్యా.

కావున ప్రార్థించునది ఏమనగా, శుక్రవారం రాళ్ళు పాతకుండా ఆ ఆసామికి కబురు పంపవలెను. కాంతమ్మను పిలిపించి మా ఇద్దరినీ తమ ముందు నిలబెట్టవలెను. మా ఆయనను ఈ రోజు తెచ్చినట్టే ఆ రోజూ బండి మీద తెస్తాను. ఆయన పేరు పెట్టి ముందు ఆమెను పిలవమనండి, తరువాత నేను పిలుస్తాను. ఎవరికి పలుకుతాడో తమరే చూడండి. ఆయుష్షు సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ చేను పోతే ఆయుష్షు ఎటూ మిగలదు.

ఇంకొక మనవి. ఆ పెట్టెలో మా పేట రత్తమ్మవీ హజ్రా బీవీ కాగితాలు కూడా ఉన్నవి. వారి పేర్లతో తమ కచేరీలకు ఎవరు వచ్చినా నిలబెట్టి అడగండి, ఊరివాళ్ళను పిలిపించండి. నా గతి వాళ్ళకు పట్టకూడదు.

ఈ నా గోడును తమరు శుక్రవారం దాటక మునుపే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నాగమ్మ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర, మచ్చగా పడినది)

తా.క. అర్జీ రాసిన జాన్ సాహెబ్ వేరుగా చేయు మనవి.

ముద్ర వేసిన తరువాత ఈమె లేవలేదు. “రేపు దొరగారి ముందు నోరు పెగలకపోతే ఏంది గతి? ఒక్కసారి ఇక్కడ పిలిచి చూస్తా సాహెబన్నా” అన్నది. ఆమె పెనిమిటి రోడ్డు వారగా బండిలో గోనెసంచుల మీద పడుకుని ఉన్నాడు. ఆమె రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తరువాత చెంగు తీసేసి, “పిచ్చియ్యా!” అని గట్టిగా పిలిచినది.

అతను లేచి కూర్చుని నా వైపు చూసి, “ఏంది సాహెబూ, పిలిచావు?” అన్నాడు. నేను కాదని చెయ్యి ఊపి ఆమెను చూపించాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నది. అతను చాలాసేపు చూసి, “ఏమే, నువ్వా?” అన్నాడు.

అయ్యా, ఎరుగని వారికి గుర్తింపు సాక్షిగా నేనెన్నడూ సంతకం చేయలేదు. ఈమె నాగమ్మ అని దిగువ సంతకం చేస్తున్నాను.

జాన్ సాహెబ్