ముందు గది సంగతి

మా ఇంటి పెద్దకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఫోనుండగా కాగితమెందుకు అంటావు. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నీ తీర్పు వచ్చేస్తుంది. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. అందుకని కూర్చున్నాను. ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ కులాసా. అక్కడ పురిటి సాయానికి వెళ్లిన నువ్వూ, బాలింత మన అమ్మాయీ, గుప్పెడంత మన మనవరాలూ హాయిగా ఉన్నారనే నమ్మకంతో ముందుకు పోతున్నాను.

ముందు నీ ప్రశ్నలు. మాత్రలు వేసుకుంటున్నాను. తెల్లవి రోజూ, పచ్చవి గుర్తొచ్చినప్పుడు. పెరటి తలుపు గడియ బాగు చేయించాను. పెద్ద గిన్నె మాడింది. కోపమంతా దీనికే ఖర్చు పెట్టేయకు, ముందు ముందు అవసరం పడుతుంది.

"పిల్లల నాటకానికి ఎవరైనా సాయం చేస్తామన్నారా?" అని అడిగావు కదా. పిల్లలు సాధన చేసుకునే వెనక వీధి గోదాము కప్పు ఈసారి వానలకు ఆగేలా లేదు. బాగు చేయించుకుంటే సరి, లేదంటే నెలాఖరుకి తాళం వేస్తానన్నాడు దాని యజమాని. అప్పట్నుంచి నేనూ, మన గంటా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. గంటంటే గుర్తుంది కదా, నోరు విప్పితే వీధి చివరికి వినిపించే పిల్ల. ఒక సంస్థవాళ్లు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే ఇస్తామన్నారు. పక్కవాళ్లు దాటనివాళ్లకే అన్నారు. మనవాళ్లలో రెండు రకాలూ ఉన్నారు. ఇంకొకాయన చెట్లు నాటే పనులకైతే చూస్తానన్నాడు. "మా నాటకంలో చెట్టు వేషం ఉందండీ" అంది గంట. ఆయన నవ్వలేదు. బయటికొచ్చాక మేం నవ్వాం.

చివరికి ఒక సంస్థ తాలూకు అమ్మాయి వచ్చి చూసి వెళ్తానంది. మన రెండోదాని ఈడు ఉంటుంది. కనీసం పాతికమంది పిల్లలుండాలని ముందే చెప్పింది. మనకున్నది పదకొండు మంది.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను, తిట్టుకోకు. మన నాటక సమాజంలో ముగ్గురు భటులతో మహాసైన్యం నడిపించేవాళ్లం, జ్ఞాపకముందా? తెర వెనకనుంచి చుట్టు తిరిగి, టోపీ మార్చుకుని మళ్లీ ఇటునుంచి రావడమే. ఆ టోపీలు కుట్టింది నువ్వే. అది మోసమని మనలో ఎవరికీ ఏనాడూ తోచలేదు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు కూడాను.

అందుకని ఆ అమ్మాయి వచ్చిన రోజు పదకొండు మందినీ పాతికమందిని చేశాను. జన్మంతా ముఖాలకు రంగు పూసినవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? ముందు తలుపునుంచి పోయినవాళ్లు వెనక తలుపునుంచి వేరేవాళ్లై వచ్చారు. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చూసింది. కాసేపటికి నావైపు తిరిగింది.

"తాతగారూ, ఇందాక రెండు జడలమ్మాయి మోచేతికి కట్టుంది. ఈ మీసాలబ్బాయికీ అక్కడే ఉందేంటండీ?"

"కవలలమ్మా" అన్నాను.

"ఇద్దరూ ఒకే సైకిలు మీంచి పడ్డారా?"

ఆ మీసాలబ్బాయి మన గంటే. గంట ముందుకొచ్చి మీసం ఊడబీక్కుంది. "పదకొండు మందిమేనండీ. తాతని ఏమీ అనకండి, పనితనం చూపించుకోవాలని ఆయన సరదా" అంది. ఆ అమ్మాయి మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

తరవాత నెమ్మదిగా చెప్పింది. పదకొండని ఉన్నదున్నట్టే రాసి, పైవాళ్లను తనే ఒప్పిస్తుందట. నేర్పేవాళ్ల జీతం, దుస్తులు, ప్రయాణాలు ఏడాదిపాటు వాళ్లే చూసుకుంటారట. కప్పుకి మాత్రం ఇవ్వరట. ఎవరి గోడలకూ సున్నం వేయకూడదని వాళ్ల నియమం. "తడవని చోటు ఒకటి మీరే చూపించాలి తాతగారూ. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు" అంది.

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చోటు లేకపోతే సాయంత్రాలు వాళ్లెక్కడుంటారో నీకు తెలుసు. వీధి మొదట్లో బడ్డీ దగ్గర నిలబడతారు. నిలబడటం తప్పు కాదు. నిలబడి నిలబడి అక్కడే ముసలివాళ్లైపోయినవాళ్లను మనం చూశాం.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది: "మా ముందు గది ఉందమ్మా."

ఇదీ అసలు సంగతి. ఇల్లు మీ అమ్మ నీకిచ్చింది, నాకు కాదు. ఆ గదిలో ముప్పై ఏళ్లు మన సమాజం ట్రంకుపెట్టెలు పెట్టుకుంది. గడ్డాలు ఆరేసుకుంది. నీ పడక వంటింట్లోకి పోయింది. సమాజం మూతబడ్డాక నువ్వా గది కడిగి, రెండు కుర్చీలేసి, "ఇక ఇందులో ఎవరూ ఏడవకూడదు, చావకూడదు, కత్తి దూయకూడదు. కూర్చోవాలంతే" అన్నావు. సరేనన్నాను. ఇప్పుడు నిన్నడక్కుండా మాటిచ్చేశాను.

ఇంటివాళ్ల సంతకం కావాలట. కాగితం ఇందులోనే పెట్టాను. నీకు ఇష్టమైతేనే పెట్టు. భయపడో, నామీద జాలిపడో పెట్టకు. వద్దంటే నేనే వెళ్లి, ముసలాడికి మతి చలించిందని చెప్పుకుంటాను. నీ ఊసు రానివ్వను. నీ జవాబొచ్చేదాకా గది తీయనని పిల్లలకు చెప్పాను. "అమ్మమ్మ ఒప్పుకుంటుందా?" అని అడిగింది గంట. "ఆవిడ కుట్టిన టోపీలు పెట్టుకునే నేను యుద్ధాలు గెలిచాను. అంతకుమించి నాకేం తెలియదు" అన్నాను.

గిన్నె తోముతున్నాను. వదిలేలా లేదు.

ఇట్లు,
మనవరాలికి తాత, నీకు మాత్రం ఎప్పటిలాగే తలనొప్పి.

తా.క. కవరు అంటించబోతుండగా వాన పట్టుకుంది. గోదాము కారుతోందని పదకొండు మందీ మన వసారాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. జల్లు లోపలిదాకా కొడుతోంది. తలుపు తీశాను. చెప్పులు బయటే విడిచారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా అందరూ కిందే కూర్చున్నారు.