కార్లిన్ అమ్ముడుపోయాక

టోబర్‌గ్లాస్,
మార్చి, ఆదివారం

ప్రియమైన ఎఫీ అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోనులో నీకు వినపడదు, నాకేమో మాట ఇంకా తడబడుతోంది. ఇద్దరికీ కాగితమే నయం. పక్షవాతం ఎడంపక్కనే పట్టింది కాబట్టి రాసే చెయ్యి బాగానే ఉంది. ఎడంకాలు ఈడుస్తూ, కర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్ళగలుగుతున్నాను. బయటికైతే చక్రాల కుర్చీయే.

నీ మరిది ఆర్చీ వ్యాను కొన్నాడట కదా, ఎందుకని అడిగావు. లాకీ చేపలమ్మే పాత వ్యానే అది. దాన్ని తిరిగే ఇల్లులా మారుస్తాడట. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ డబ్బా, నా కుర్చీ ఎక్కడానికి వాలుబల్ల. రోజూ పొద్దున్నే చాకలిసోడా, వెనిగరు పట్టుకుని వెళ్ళి కడుగుతాడు. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. ఈ వీధి పిల్లులన్నీ మా వాకిట్లోనే కాపురం. నిన్న లాకీ వచ్చి చూసి, "ఒరేయ్ ఆర్చీ, తలుపు తీసి పడుకోకురా, పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు నిన్ను తూకం వేసి అమ్మేస్తారు" అన్నాడు. ఆర్చీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అసలు సంగతి నీకు చెప్పలేదక్కా. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు నన్ను షెడ్డు దాకా తీసుకెళ్ళమని ఆర్చీని అడిగాను. చలిగా ఉంది, రేపు చూద్దాం అన్నాడు. మర్నాడూ అదే మాట. చివరికి నేనే కుడిచేత్తో, కుడికాలితో కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. షెడ్డులో పడవ లేదు. దాన్ని నిలబెట్టే చెక్కదిమ్మలు మాత్రం గోడకి చేరేసి ఉన్నాయి. నేను గ్లాస్గోలో మంచం మీదుండగా కార్లిన్‌ని అమ్మేశాడు. ఎయిర్ అనే ఊరి నుంచి ఎవరో మొగుడూపెళ్ళాలు వచ్చి తీసుకుపోయారట. ఆ డబ్బుతోనే ఈ వ్యాను.

"ఇంక మనకది దేనికి ఇషీ?" అన్నాడు. అంతే.

కార్లిన్ సగం కట్టి వదిలేసిన పడవగా మా షెడ్డులోకి వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. రెండు చలికాలాలు కూచుని దాని పలకల మధ్య సందులన్నీ నేనే పూడ్చాను. మనవైపు కార్లిన్ అంటే ముసలిది కదా, అలాగే మూలుగుతోందని ఆ పేరు పెట్టింది నేను. ఆర్చీ పోస్టు వ్యాను నడిపినవాడు, రోడ్డు మీద రాజు. నీళ్ళ మీద మాత్రం చుక్కాని ఎప్పుడూ నాదే. నాన్న నేర్పిన విద్య నువ్వూ నేనూ నేర్చుకున్నాం, నువ్వు వదిలేశావు, నేను వదల్లేదు. లిజ్‌మోర్ దీవి దగ్గర మంచు కమ్మేసి ముక్కు ముందు చెయ్యి కనపడని రోజున, ఒడ్డున గొర్రెల అరుపులు వింటూ కార్లిన్‌ని లోపలికి తెచ్చుకున్నాను. ఆర్చీ కింద గదిలో టీ కాస్తూ, చర్చిలో పాడే కీర్తనలు గట్టిగా పాడుతూ కూచున్నాడు. ఎంత ధీమా మనిషో అనుకున్నానప్పుడు.

నేను ఒకటి నిర్ణయించుకున్నాను. ఆ వ్యాను ఎంత ముచ్చటగా తయారైనా అందులో అడుగు పెట్టను. అతనొక్కడే వెళ్ళనీ. ఈ మాట ఇంకా అతనితో అనలేదు. నీకే చెబుతున్నాను.

నీ చెల్లెలు,
ఇష్బెల్


టోబర్‌గ్లాస్,
మే నెల

ఎఫీ అక్కా,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు సరిపోయాయి. తిట్లు కూడా అందాయి. "అతనితో మాట్లాడకుండా నాకు రాస్తే నేనేం చేసేది" అని రాశావు. నిజమే.

ముందు మంచం గొడవ చెప్పాలి. వ్యాను గోడల్లో గొర్రెల ఉన్ని కుక్కి, పైన పలకలు కొట్టి, ఒక పక్క కిటికీ కోశాడు. అదంతా బాగానే చేశాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. తర్వాత మంచం బిగించడం మొదలుపెట్టాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. పడుకుంటే నా కుడిపక్క గోడకి వస్తుంది. లేవాలంటే చచ్చుబడిన ఎడంచెయ్యి ఆనించి లేవాలి. కిటికీ తెరిచి అరిచాను:

"ఎవరికోసం ఆ మంచం?"

"నీకోసమే!"

"నాకోసమైతే నన్ను అడగాలని తెలీదా? అందులోంచి నేనెట్లా లేస్తాను? క్రేను పెట్టి లేపుతావా?"

స్క్రూలు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మంచం విప్పేశాడు. ఒక అట్టముక్కా పెన్సిలూ తెచ్చి నా ముందు పెట్టి, "గీసివ్వు" అన్నాడు. వ్యానులో అడుగు పెట్టనన్నదాన్ని, సాయంత్రం దాకా కూచుని గీశాను. పట్టుకోడానికి కర్ర ఎక్కడ, పొయ్యి ఎంత ఎత్తున, కుర్చీ ఎటు తిరగాలి, అన్నీ. గీస్తున్నంతసేపూ కోపం పోలేదు, కానీ పని బాగా సాగింది.

అది అయ్యాక అడిగాను. "కార్లిన్‌ని నాతో చెప్పకుండా ఎందుకు అమ్మావు?"

పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. అప్పుడు చెప్పాడు. నేను పడిపోయినప్పుడు కార్లిన్ ఇంకా నీళ్ళలోనే లంగరేసి ఉంది కదా. చలికాలానికి ఒడ్డుకి తేవాలని అక్టోబరులో ఒక్కడే ఎక్కాడట. ఇంజను ఆగిపోయింది. తెరచాప ఎత్తాడు, అది గాలికి అటూ ఇటూ కొట్టుకుంటోందే తప్ప పడవ మాట వినలేదు. ఆటు మొదలై, నీరు వెనక్కి తీస్తూ రాళ్ళ మధ్య ఇరుకు దారివైపు లాక్కుపోయింది. రాళ్ళు దగ్గరికి వచ్చేస్తుంటే చుక్కాని వదిలేసి పడవ అడుగున కూచుండిపోయాడట. లాకీ తన చేపల పడవేసుకుని వచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఊరందరికీ తెలుసు. నాకు చెప్పొద్దని లాకీని బతిమాలుకున్నాడు.

"షెడ్డు తలుపు తియ్యాలంటేనే భయమేసేది ఇషీ. రాత్రిళ్ళు నిద్ర లేదు. నువ్వు ఇంటికొచ్చి, నన్ను మళ్ళీ దాంట్లోకి ఎక్కమంటావేమో అని."

"భయపడితే నేనేమీ అననుగా. చెప్పి ఉండాల్సింది."

"చెబితే అమ్మొద్దంటావు."

"అంటాను."

"అందుకే చెప్పలేదు."

నా పడవ ఆర్చీ అది, అన్నాను. నా పడవ. తల దించుకుని "తెలుసు" అన్నాడు. ఆ పూట ఇద్దరం వేరువేరుగా తిన్నాం. నువ్వు అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నా, ఇంకా క్షమించలేదు. కానీ వ్యాను తలుపుకి చిలక ఎటువైపు పెట్టాలో మాత్రం చెప్పాను.

ఇష్బెల్


ఒక సరస్సు ఒడ్డు నుంచి,
ఆగస్టు

అక్కా,

ఇది వ్యానులో కూచుని రాస్తున్నాను. చివరికి ఎక్కాను, నవ్వుకో.

నాకు వ్యాయామాలు చేయించే ఐల్సా అనే అమ్మాయి ఒకరోజు మాటల్లో ఇక్కడి సంగతి చెప్పింది. ఉత్తరాన ఈ సరస్సు దగ్గర ఒక పడవల క్లబ్బు ఉంది. కాళ్ళు లేనివాళ్ళని, చూపు లేనివాళ్ళని కూడా తెరచాప పడవలెక్కిస్తారు. ఒంటిచేత్తో నడిపే చిన్న పడవలు, అడుగున బరువైన ఇనుము ఉంటుంది కాబట్టి తిరగబడవు. నేనే వాళ్ళకి ఉత్తరం రాసి పేరు ఇచ్చుకున్నాను. ఆర్చీకి మాత్రం "ఉత్తరంవైపు పోదాం, కొండలు చూద్దాం" అన్నాను. అవును, చెప్పకుండా చేశాను. అతను చేసిన పనే.

ఒడ్డున తెరచాపలు చూడగానే అతనికి అర్థమైంది. వ్యాను ఆపాడు, ఇంజను మాత్రం ఆపలేదు.

"వద్దు ఇషీ."

"దింపు."

"నీకేమన్నా అయితే?"

"అయితే నీళ్ళలో అవుతుంది. వంటింట్లో జారిపడి చావడం కంటే నయం. వాలుబల్ల దించు."

దించాడు. తన చేతులతో తనే బిగించిన బల్ల మీంచి నన్ను కిందికి తోసుకొచ్చి, రేవు చివర వరకూ వచ్చి ఆగిపోయాడు. నన్నో జోలెలాంటి దాంట్లో కూచోబెట్టి, పైకెత్తి, బస్తాని దించినట్టు పడవలోకి దించారు. సిగ్గేసింది. కుడిచేతికి చుక్కాని తగలగానే సిగ్గు పోయింది. మొదటిసారి క్లబ్బు మనిషి నా వెనక కూచుంది. రెండోసారి, "నాకంటే మీకే బాగా వచ్చు, వెళ్ళిరండి" అని దిగిపోయింది. ఒక్కదాన్నే వెళ్ళాను. గాలి పడమటి నుంచి సన్నగా ఉంది. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ చివర దీవి చుట్టూ తిప్పి తెచ్చాను. ఏడ్చానా అని అడక్కు.

తిరిగొచ్చేసరికి ఆర్చీ రేవులో లేడు. వ్యాను వెనక, నీళ్ళు కనపడని వైపు, గడ్డిలో కూచున్నాడు. కుర్చీ పక్కకి తెచ్చి ఆపాను. తనే అన్నాడు:

"నాకు మొదటినుంచీ భయమే. కార్లిన్‌ని తేకముందు నుంచీ."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకొచ్చావు?"

"నువ్వు వెళ్తున్నావుగా."

"కీర్తనలు పాడేవాడివి!"

"మరేం చెయ్యమంటావు, అరవమంటావా?"

అక్కా, ఆ మనిషి పక్కన ఇన్ని వేసవులు గడిపాను. మంచులో గొర్రెల అరుపు విని ఒడ్డు ఏ దూరంలో ఉందో చెప్పగలిగాను, పక్కనే ఉన్న మనిషి గొంతులో వణుకు వినలేకపోయాను. అతనూ ఒక్కసారి చెప్పలేదు. ఇద్దరిలో తప్పు ఎవరిదని తేల్చడానికి కూచోలేదు మేము. ఆకలేస్తోందన్నాడు, హెర్రింగు చేపలు ఓట్స్ పిండిలో దొర్లించి వేయించాడు, తిన్నాం.

ఈ పొద్దున క్లబ్బు మనిషి వచ్చి, ఇద్దరు పట్టే పడవ ఖాళీగా ఉంది, మీవారిని కూడా తీసుకెళ్తారా అని అడిగింది. నేను ఆర్చీ వైపు చూశాను. ఇదివరకు నేను ఎప్పుడు అలా చూసినా లేచి బూట్లు వేసుకునేవాడు. ఇవాళ లేవలేదు.

"నేను రాను ఇషీ. నాకు ఇష్టం లేదు" అన్నాడు.

పెళ్ళయ్యాక నా మొహం మీద వద్దని చెప్పి, ఆ మాట మీదే నిలబడడం ఇదే మొదటిసారి అనుకుంటాను. సరే అన్నాను. ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఒడ్డుకి వచ్చేసరికి నీళ్ళకి ఎదురుగా మడతకుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

నీ
ఇషీ