శివ బుల్లెట్ మీద ఎవ్వరు కూసోవద్దు

త్రివేణీ, పిల్లల్ని పిలువు, టీవీ బంద్ జేసి, లొల్లి లేకుండ అందరు ఇనుండ్రి. మీ తమ్ముడు శివ వస్తే బుల్లెట్ ఎక్కనియ్యకు, పడ్తడు. తెల్లారితే దాని మీదనే లడఖ్ పోయేటోడు.

ముందటి చక్రాన్ని పట్టుకునే ఫోర్కులకు క్రోమ్ తొడుగులు ఎక్కిద్దామని, చక్రం లేపకుండనే, బండి బరువు మీదుండంగనే, ఫోర్కు పై మూత ఇప్పిన. లోపలి స్ప్రింగు ఎగిరి తన్నింది. మూత నాచారం మీద ఒక సుట్టు తిరిగి దిగేలోపు నేను చాయ్ తాగిన. ఫోర్కు లోపలి నూనె మొత్తం చిమ్మి కారింది.

బండి ముందటికి కూలకుండ ఇంజిన్ కింద నీ రోలు పెట్టిన, పప్పు రుబ్బేతందుకు తియ్యకు. నేను ఉప్పల్ పోయి మెకానిక్‌ను తోల్కొస్త. "నీ చెయ్యి పడితే సాలు బావా" అని మీ తమ్ముడు పొగిడిండు, గదే కొంప ముంచింది.

పక్కింటి హన్మయ్య మామ వచ్చి సూసి, "బండికి మోకాళ్ళ గుజ్జు కారిపోయింది అల్లుడా, ఉప్పు కాపడం పెట్టు" అన్నడు.